ముడుపు మింగిన తుపాకీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేను భయపడింది ఒక్కదానికే. పాముకు కాదు, బడిలో అయ్యవారి బెత్తానికి కాదు, మా నాయన కోపానికి కూడా కాదు. నడిమింట్లో గోడకు కొట్టిన రెండు కొయ్య మేకుల మీద అడ్డంగా పడుకుని ఉండే తుపాకీకి. భోంచేసేటప్పుడు దానికి వీపు పెట్టి కూర్చునేదాన్ని కాదు. ఎదురుగా కూర్చుని, ఒక కన్ను కంచంలోనూ ఒక కన్ను దాని మీదా పెట్టి తినేదాన్ని. మా అమ్మ నన్ను మెల్లకన్ను పిల్ల అని ఏడిపించేది.

అది మా ముత్తాత నాటిది. నగరి కొండల కింద ఊళ్ళ పంటలకు ఆయన కావలి కాసేవాడట. గొట్టంలో పైనుంచి మందు పోసి, గుడ్డపీలికలు కూరి, ఇనప కడ్డీతో దిగగొట్టి పేల్చే పాతకాలపు తుపాకీ అది. ఆయన తరవాత లైసెన్సు కాగితంతో సహా మా తాతయ్యకు వచ్చింది. మా ఊరు పుత్తూరుకూ నగరికీ మధ్య, కొండను ఆనుకుని ఉంటుంది. ఊరి చివర ఇల్లు మాది, మా ఇంటి తరవాత మా శెనక్కాయ చేను, దాని తరవాత కొండే.

నా భయానికి కారణం మా తాతయ్య ఎడమ చెయ్యి. దానికి మూడు వేళ్ళే ఉండేవి. చిటికెన వేలూ దాని పక్కదీ మొదలంటా లేవు. అవెక్కడికి పోయాయని అడిగితే ఆయన గోడ వైపు చూసి, గొంతు తగ్గించి, "తుపాకీ తినేసింది పాపా. దానికి ఆకలైనప్పుడు నేను పక్కన ఉండినా" అనేవాడు. పుత్తూరు పోయి కట్టు కట్టించుకోలేదా అంటే, విరిగిన ఎముకైతే అతికిస్తారు గానీ తుపాకీ మింగిన వేలు వాళ్ళు మాత్రం ఎక్కడినుంచి తెస్తారని నవ్వేవాడు. పిల్లలు దాని జోలికి పోకుండా ఉండడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం అదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ ఉపాయం నా మీద కాస్త ఎక్కువగానే పనిచేసింది. శుక్రవారం శుక్రవారం ఎవరూ చూడకుండా దాని కింద గుప్పెడు బొరుగులు పెట్టి వచ్చేదాన్ని. ఆకలితో ఉంటే కదా మనల్ని తినేది అని నా లెక్క. చీమలు పట్టేవి. ఈ గోడ మొదట్లో తేనె ఏమన్నా కారుతోందా అని మా అవ్వ గొణుక్కుంటూ ఊడ్చేది.

నేను పుట్టకముందు నుంచే ఆ తుపాకీ పేలలేదు. వేళ్ళు పోయాక తాతయ్య దాన్ని గోడకెక్కించి, ఇక పెద్దల గుర్తుగా దాచుకోవడమే తప్ప వాడేది లేదన్నాడు. ఏటా ఆయుధ పూజ నాడు మాత్రం కిందికి దించి, నూనె రాసి తుడిచి, విభూతి పట్టెలు పెట్టి, నాగలి పక్కన నిలబెట్టేవాడు. నాకు అది ఇంట్లో ఉన్న ఒక కోపిష్టి దేవుడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అడవి పందులు మా చేను మీద పడ్డాయి. కాయ ఊరే సమయం. తెల్లారి వెళ్ళి చూస్తే చేను నాగలితో దున్నినట్టు ఉండేది. మా నాయన మంచె కట్టాడు, డబ్బాలు కొట్టాడు, పాత చీరలు చుట్టూ కట్టాడు. రెండు రోజులు జంకాయి, మూడో రోజు ఆ చీరల మీదే పొర్లాడి పోయాయి. ఆ చేను పోతే ఆ ఏడు మాకు ఇంకేమీ లేదు. నాయన కళ్ళు ఎర్రబడి ఉండేవి, మాట కరుకెక్కింది. ఒక పొద్దున చేని నుంచి వస్తూనే కాళ్ళు కూడా కడుక్కోకుండా గోడ దగ్గర నిలబడి, తుపాకీ దించుతానన్నాడు.

తాతయ్య కూర్చున్న చోటు నుంచి లేవలేదు. "ముట్టబాకరా" అన్నాడంతే.

"సంపేదానికి కాదు నాయనా, బెదిరించేదానికి. గుండు ఎయ్యను, ఉత్త మందే. ఇంట్లో తుపాకీ పెట్టుకోని పందులకు పంట ఇడిసిపెట్టినారంటే ఊరు నవ్వతాది."

"నవ్వనీ. కొరివితో తల గోక్కుంటావా?"

మూడు రోజులు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఒకరికి కావలసింది ఒకరు నాతో చెప్పి పంపేవారు. మా అమ్మా అవ్వా ఎవరి పక్కా మాట్లాడక వంటింట్లో గిన్నెల మీద తమ మాటలు చెప్పుకునేవారు. నేను మాత్రం నాయన చేతి వేళ్ళు లెక్కపెట్టుకునేదాన్ని. అన్నం కలుపుతున్నప్పుడు, ఎద్దుకు పలుపు వేస్తున్నప్పుడు, నా జడ లాగి ఏడిపించినప్పుడు. పది ఉండేవి. రోజూ పదీ ఉన్నాయా అని చూసుకునేదాన్ని.

నాలుగో రోజు పందులు సగం చేను తిరగేశాయి. తాతయ్య చేని గట్టున చాలాసేపు నిలబడి వచ్చి, సరే, దసరా పండగ పొద్దున వంకలోకి తీసుకుపోయి ఒకసారి పేల్చి చూద్దాం, గొట్టం నిలబడితే అప్పుడు ఆలోచిద్దాం అన్నాడు. మా ఇంట్లో పూర్వం ఒక ఆచారం ఉండేదట. ఖాళీ తుపాకీకి పూజ చేయకూడదు. ఆయుధ పూజ పొద్దున మందు నింపి పూజలో పెట్టి, మరునాడు పేల్చాలి. దాన్ని తుపాకీకి కూడు పెట్టడం అనేవారు. తాతయ్య వేళ్ళు పోయినప్పుడే ఆ ఆచారమూ పోయింది. ఇన్నేళ్ళకు మళ్ళీ దానికి కూడు పెడుతున్నారని అవ్వ అమ్మతో చెబుతుంటే విన్నాను. చూశారా, అది నిజంగా తింటుంది, పెద్దవాళ్ళకు కూడా తెలుసు అనుకున్నాను.

ఆయుధ పూజ రోజు నాయన వాకిట్లో కూర్చుని తుపాకీలో మందు పోశాడు, పీలికలు కూరాడు. తాతయ్య పక్కనే ఉండి ప్రతి పనీ రెండుసార్లు చేయించాడు. ఆ ఇనప కడ్డీ మీద రెండు గీతలు ఉండేవి. ఖాళీ గొట్టంలో కడ్డీ వేస్తే మొదటి గీత గొట్టం నోటి దగ్గరికి వస్తుంది. మందు నింపాక వేస్తే రెండో గీత వస్తుంది. రెండో గీత సరిగ్గా వచ్చిందని వేలితో తడిమి చూసి తాతయ్య తల ఊపాడు. పేల్చే ముందు పెట్టే చిన్న రాగి టోపీని మాత్రం పెట్టనివ్వలేదు. దాన్ని తన రొంటినే దోపుకున్నాడు. నాగలి, పారలు, కొడవళ్ళు, కత్తిపీట, నాయన సైకిలు, నా పలక, అన్నిటి పక్కన తుపాకీని గోడకు ఆనించి నిలబెట్టారు. దాని నోరు సరిగ్గా నా గడ్డం ఎత్తున ఉంది.

నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి. అంతకుముందు ఏడు మా తమ్ముడికి జ్వరం వచ్చి తగ్గకపోతే, మా అమ్మ పసుపు గుడ్డలో ముడుపు కట్టి కొండమీది స్వామికి మొక్కింది. జ్వరం తగ్గింది. తరవాత తిరపతి వెళ్ళినప్పుడు ఆ ముడుపును హుండీలో వేయడం నేను కళ్ళారా చూశాను. దేవుడికి భయపడినప్పుడు ఏం చేయాలో నాకు తెలిసిన దారి అదొక్కటే. నా చిరిగిపోయిన పావడ అంచు చింపి, అమ్మ పసుపు డబ్బాలో అద్ది, ఆటల్లో గెలిచి దాచుకున్న చింతపిక్కలు ఐదు అందులో పెట్టి గట్టిగా ముడేశాను. ఐదు పిక్కలు ఒక చేతి వేళ్ళకు. రెండో చేతికి కూడా కడదామంటే పిక్కలు లేవు.

సాయంత్రం గుమ్మడికాయ కొట్టడానికి అందరూ వాకిట్లోకి వెళ్ళారు. నేను లోపలే ఉండిపోయి తుపాకీ ముందు నిలబడ్డాను. ముడుపు గొట్టంలో పెట్టి బొటనవేలితో నొక్కాను. దిగలేదు. పక్కనున్న కడ్డీతో తోశాను. కొంచెం దిగింది, కొంచెం దిగింది, ఆ తరవాత గట్టిగా నిలిచిపోయింది. మింగేసింది అనుకున్నాను. మా నాయన వేళ్ళు వదిలెయ్ స్వామీ, ఇది తిని ఊరుకో అని దండం పెట్టి బయటికి పరుగెత్తాను. ఆ రాత్రి చాలా రోజులకు హాయిగా నిద్రపోయాను.

పండగ పొద్దున నాయన తుపాకీ భుజాన వేసుకుని ముందు నడుస్తున్నాడు. తాతయ్యా నేనూ వెనక. నన్ను దూరంగా గట్టు చాటున కూర్చోబెడతానని తాతయ్యే వెంట తీసుకొచ్చాడు. నేను ఆయన మూడు వేళ్ళ చెయ్యి పట్టుకుని గంతులేస్తూ నడుస్తున్నాను. నా గంతులు చూసి ఆయనకు ఆశ్చర్యమేసినట్టుంది, ఈ పిల్లకు తుపాకీ భయం ఎప్పుడు పోయిందని అడిగాడు. దానికిప్పుడు ఆకలి లేదు తాతా అన్నాను. ఆయన నవ్వలేదు. కొంచెం దూరం నడిచాక, నువ్వు పెద్దదానివవుతున్నావు, నిజం చెబుతా విను అని, మొదటిసారి అసలు సంగతి చెప్పాడు.

వయసులో ఉన్నప్పుడు ఒకసారి చేని గట్టు మీద జారి పడ్డాడట. గొట్టం మూతి బురదలో దిగబడి, నిమ్మకాయంత మట్టి లోపల ఇరుక్కుంది. చూసుకోలేదు. లేచి పేల్చాడు.

"దానికి ఆకలీ లేదు, పాడూ లేదు పాపా. మందు మండితే ఆ జోరు బయటికి పోవాల. దోవలో ఏదన్నా అడ్డముంటే పక్కలు సీల్చుకోని వస్తాది. గొట్టం మొత్తం మార్పించినాం మళ్ళా. నాకు వేళ్ళతో పోయింది. పక్కూరాయనకు అట్నే అయితే మొకమే పోయింది."

నా గంతులు ఆగిపోయాయి. గుండెల్లో రాయి పడింది అంటారే, అది నాకు ఆ దోవలో అర్థమైంది. దోవకు అడ్డం. నేను పెట్టినదే అది. ముందు నడుస్తున్న నాయన వీపు కనిపిస్తోంది, భుజం మీద గొట్టం ఎండకు మెరుస్తోంది, దాని నోట్లో నా పావడ గుడ్డ. చెప్పాలి. చెబితే నాయన చంపేస్తాడు. చెప్పకపోతే నాయనే పోతాడు. ఇంత తేలికైన లెక్క తొమ్మిదేళ్ళ పిల్లకు తెలియదా అని మీకు అనిపించవచ్చు. తెలుసు. కానీ నాలుక పిడచగట్టుకుపోయింది. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. భయం మనిషిని పరుగెత్తిస్తుందని అంటారు, నన్ను మాత్రం కొయ్యను చేసింది. కాళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి.

వంకలోకి దిగాం. ఎండిపోయిన ఇసక, అవతల మట్టి గట్టు. తాతయ్య రొంటిన దోపుకున్న రాగి టోపీ తీసి నాయన చేతిలో పెట్టాడు. నన్ను గట్టు చాటుకు తీసుకుపోబోయాడు. నేను కదల్లేదు. ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఉన్న మూడు వేళ్ళనూ విరిచేసేంత గట్టిగా బిగించాను. నాయన టోపీ తొడిగి తుపాకీ భుజానికి ఎత్తి, బుగ్గ ఆనించాడు. నా కాళ్ళ వెంట వెచ్చగా కారి ఇసక తడిసింది. సిగ్గు కూడా వేయలేదు.

తాతయ్య కిందికి చూశాడు. తడిసిన ఇసక చూశాడు, నా ముఖం చూశాడు. ఏమైందని అడగలేదు. అడిగి ఉంటే నేను చెప్పలేకపోయేదాన్ని, ఆలోపు అయిపోయేది.

"రేయ్, దించు" అన్నాడు. అరవలేదు. "దించి, టోపీ తీసి నాకియ్యి. కడ్డీ ఎయ్యకుండా పేల్చేదేంది?"

నిన్న నువ్వే కదా చూశావని నాయన విసుక్కున్నాడు. నిన్నటిది నిన్న, మళ్ళీ చూడు అన్నాడు తాతయ్య. నాయన గొణుక్కుంటూ టోపీ తీసిచ్చి, గొట్టాన్ని తన ముఖానికి దూరంగా వంచి, కడ్డీ వేశాడు. కడ్డీ దిగి మధ్యలోనే ఠక్కున ఆగింది. రెండో గీత గొట్టం నోటికి జానెడు పైన నిలబడిపోయింది. ఆ గీతనూ గొట్టాన్నీ చూస్తున్న మా నాయన ముఖంలో రక్తం లేదు. ఆయన వేళ్ళు వణకడం నేను ఆ రోజే చూశాను. పదీ వణికాయి.

ఏముంది లోపల అన్నాడు నాయన, ఎవరితోనూ కాదు. నేను కళ్ళు మూసుకున్నాను.

"ముడుపు" అన్నాడు తాతయ్య. ఆయనకు ఎలా తెలిసిందో నాకు అప్పుడు తెలియలేదు. గొట్టం మూతికి అంటుకున్న పసుపూ, నా గోళ్ళ సందుల్లోని పసుపూ ఆయన ఒకేసారి చూశాడని తరవాత అర్థమైంది. "నేనే ఏసినా, పూజప్పుడు. నీకేమీ కాకూడదని మొక్కుకోని. తీసేది మరిసిపోయినా."

నాయన తుపాకీని ఇసకలో పెట్టి తన తండ్రి మీద అరిచిన అరుపులు ఆ వంక అంతా వినిపించాయి. నీకు మతి ఉందా, వేళ్ళు పోగొట్టుకున్నవాడివి, నీకు తెలియదా, కొడుకును చంపుకుంటావా అని. అవన్నీ నాకు తగలాల్సిన మాటలు. తాతయ్య తల వంచుకుని నిలబడి విన్నాడు. తరవాత ఇద్దరూ గొట్టం నిండా నీళ్ళు పోసి మందును చంపి, కడ్డీ చివర వంచిన తీగ కట్టి, చాలాసేపు కష్టపడి ఆ ముడుపును బయటికి లాగారు.

మధ్యాహ్నం గడ్డివామి వెనక ఒంటరిగా కూర్చుని ఉంటే తాతయ్య వచ్చి ఆ తడి ముడుపు నా చేతిలో పెట్టాడు. కొడతాడని దగ్గరికి ముడుచుకున్నాను. ఆయన నా పక్కనే కూలబడ్డాడు.

"తప్పు నాది పాపా. తుపాకీ తింటాదని సెప్పింది నేనే గదా. నువ్వు నమ్మినావు." నా గోళ్ళ సందుల్లోని పసుపు తుడుస్తూ మళ్ళీ అన్నాడు. "ఈసారి భయమేస్తే ముడుపు కట్టబాక. ఎవురో ఒకరికి నోరిడిసి సెప్పు. నిన్ననే ఈ మాట నాతో అనుంటే, ఈ కత నిన్ననే సెప్పుండేవాణ్ణి."

నాయనకు చెప్పొద్దు తాతా అని ఏడ్చాను. నేను చెప్పను, నువ్వే ఎప్పుడు చెప్పగలిగితే అప్పుడు చెప్పు అన్నాడు.

తుపాకీ మళ్ళీ గోడకెక్కింది. పేల్చే ఆలోచన నాయన మానుకున్నాడు. పందులు చేను దాదాపుగా తిన్నాయి, ఆ ఏడు నాయన నగరి మరమగ్గాల్లో కూలికి పోయాడు. ఆ కష్టం గడిచిపోయింది. గడవనిది ఇంకోటి ఉంది. ఆ రోజు నుంచి మా నాయన తాతయ్యను తుపాకీ ముట్టనివ్వలేదు. ఆయుధ పూజ తనే చేసేవాడు, తాతయ్య గడప అవతల కూర్చుని చూసేవాడు. ఇంట్లో ఏ విషయంలోనైనా ఆయన సలహా చెప్పబోతే, ఇదీ ముడుపు యవ్వారమేనా అనేవాడు నాయన. అందరూ నవ్వేవారు. తాతయ్య కూడా నవ్వేవాడు, నా వైపు మాత్రం చూసేవాడు కాదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని. ఆయన ఇంకా ఆరేళ్ళు బతికాడు. ఆరు ఆయుధ పూజలు. ప్రతిసారీ ఈసారి చెప్పేస్తాననుకున్నాను. మొదట్లో దెబ్బలకు భయం, తరవాత సిగ్గుకు భయం, ఆయన పోయాక ఇక చెప్పి ఏం లాభమని. మా నాయన ముసలివాడై మంచం పట్టినప్పుడు నేనే దగ్గరుండి చేశాను. ఆయన పది వేళ్ళనూ రోజూ తుడిచాను. అప్పుడూ చెప్పలేదు.

ఈమధ్య మా తమ్ముడు పోయాడు. లైసెన్సు వాడి పేరున ఉండేది. తుపాకీని పేరు మార్పించుకుంటారా, అప్పగించేస్తారా అని స్టేషన్ నుంచి కబురొచ్చింది. ఆ చేనికి ఇప్పటికీ పందులు వస్తూనే ఉన్నాయి కనుక పేరు మార్పించుకుని వాడాలని నా మేనల్లుడి పట్టు. హాల్లో అద్దాల పెట్టెలో పెట్టుకుందాం, పెద్దల గుర్తు, పిల్లలు చూస్తారు అని అతని భార్య పట్టు. ఇంటికి పెద్దదాన్నని నన్ను పిలిపించి అడిగారు. తుపాకీ బల్ల మీద ఉంది. నేను అలవాటు కొద్దీ దానికి ఎదురుగా కూర్చున్నాను.

"మీ తాత మతిలేక దీంట్లో ముడుపు ఏసినాడంట గదా అత్తా" అన్నాడు మేనల్లుడు నవ్వుతూ.

అరవై దాటినదాన్ని, నా నాలుక మళ్ళీ పిడచగట్టుకుపోయింది. మంచినీళ్ళు అడిగి తాగాను. అది వేసింది నేను అన్నాను. మొత్తం చెప్పాను, తడిసిన ఇసకతో సహా. మేనల్లుడు లేచి వెళ్ళి, మూల ఉన్న కడ్డీ తెచ్చి, గొట్టాన్ని తలుపు వైపు తిప్పి లోపల వేశాడు. కడ్డీ అడుగుదాకా దిగి మొదటి గీత దగ్గర ఆగింది. ఖాళీ.

తుపాకీని స్టేషన్లో అప్పగించేశారు. కడ్డీని మాత్రం ఉంచుకున్నారు. మొన్న ఆయుధ పూజకు దాన్ని తాతయ్య ఫోటో ముందు పెట్టి బొట్టు పెట్టారట. నా ముడుపు ఇంకా నా పెట్టెలోనే ఉంది. పసుపు ఎప్పుడో పోయింది, పిక్కలు ఐదూ ఉన్నాయి. ఇప్పుడు ఏ పిల్లయినా నా చెయ్యి కాస్త గట్టిగా పట్టుకుంటే, చేస్తున్న పని ఆపేస్తాను. అది నాకు తాతయ్య నుంచి వచ్చింది. నోరు తెరిచి చెప్పమన్న ఆయన మాట నేర్చుకోవడానికి మాత్రం నాకు యాభై ఏళ్ళు పైనే పట్టింది. అప్పటికి ఆ నిజం వినాల్సిన మా నాయన లేడు. తల వంచుకుని నిలబడ్డ మా తాతయ్యా లేడు.